ర్యామ్ వేస్తే ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చాలా? పాత డెస్క్‌టాప్‌కి ఏది, ఎప్పుడు

బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా బావమరిది పోయిన నెల అక్కడి కంప్యూటర్ విడిభాగాల బజారు ఎస్‌పీ రోడ్డు నుంచి ఫోన్ చేశాడు. "బావా, ర్యామ్ ఒకటి వేయించుకుందామని వచ్చా. షాపతను ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చాలంటున్నాడు. లోడ్ పెరుగుతుందట. ఏం చెయ్యమంటావు?"

"ఏమీ కొనకుండా ఇంటికి రా" అన్నాను.

వాడిది లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి పని చెయ్యడానికి హడావుడిగా కొన్న సిస్టమ్. ఐ5-10400 ప్రాసెసర్, హెచ్410 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని సిస్టమ్‌కి కావాల్సిన తక్కువ వోల్టేజీల్లోకి మార్చి ఇచ్చే డబ్బా). దాని మీద పెద్ద అక్షరాలతో 450 అని ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు లేదు. ఇంచుమించు ఇలాంటి సిస్టమ్ బెంగళూరులో మనవాళ్ల అద్దె ఇళ్లలో చాలా చూశాను. అందుకే వాడికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను.

షాపతను అన్న మాట సంగతి ముందు తేల్చేద్దాం. ఒక డీడీఆర్4 (ర్యామ్‌లో ఒక తరం పేరు) స్టిక్ తినే కరెంటు సుమారు 3 వాట్లు. మనం హాల్లో పెట్టుకునే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులో సగం కూడా లేదు. నాలుగు స్టిక్కులు నింపినా పాతిక వాట్లు దాటడం కష్టం. కాబట్టి ర్యామ్ కోసం ఎస్‌ఎంపీఎస్ మార్చక్కర్లేదు. ఎస్‌ఎంపీఎస్ గురించి ఆలోచించాల్సింది గ్రాఫిక్స్ కార్డు పెట్టేటప్పుడు, లేదా ఉన్నదే నాసిరకం అయినప్పుడు. ఇవి రెండూ వేరు వేరు నిర్ణయాలు. కలిపి బేరమాడితే నష్టం మనకే.

## డబ్బు తియ్యకముందు చూసుకోవాల్సినవి

నిజంగా ర్యామ్ చాలట్లేదా? రోజూ పనిలో ఏమేం తెరుస్తారో అన్నీ తెరవండి. క్రోమ్ ట్యాబులు, టీమ్స్ కాల్, ఎక్సెల్, ఏవైతే అవి. అప్పుడు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కండి. "కమిటెడ్" అని రెండు అంకెలు కనిపిస్తాయి. అందులో మొదటిది మీ ర్యామ్ కంటే బాగా పెద్దగా ఉండి, ఒక విండో నుంచి ఇంకో విండోకి మారేటప్పుడు సిస్టమ్ ఆగి ఆగి కదులుతుంటే ర్యామ్ కొరతే. 8 జీబీ ఉన్నచోట 5 జీబీ దగ్గరే ఆగిపోతుంటే మీ సమస్య వేరే ఎక్కడో ఉంది.

ఆ వేరే ఎక్కడో అన్నది చాలాసార్లు హార్డ్ డిస్కే. విండోస్ ఇంకా తిరిగే హార్డ్ డిస్కులోనే ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) కొనుక్కోండి. ఆ తర్వాత కూడా అవసరమనిపిస్తే మిగతాది చదవొచ్చు.

స్లాట్లు ఎన్ని, ఏ రకం? అదే మెమరీ పేజీలో "స్లాట్స్ యూజ్డ్" అని కనిపిస్తుంది. హెచ్ సిరీస్ బోర్డుల్లో ఎక్కువగా రెండే స్లాట్లు ఉంటాయి. డీడీఆర్3, 4, 5 ఒకదాని చోట ఇంకోటి పట్టవు. డీడీఆర్4కీ, 5కీ 288 పిన్నులే ఉన్నా మధ్యలో గాటు ఒకేచోట ఉండదు. లాప్‌టాప్ ర్యామ్ పొట్టిది, అది డెస్క్‌టాప్‌లో పట్టదు.

ఈ సిస్టమ్ ఇంకెన్నాళ్లు వాడతారు? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి ఉండాలి. మీది 6వ తరమో 7వ తరమో అయితే పెద్ద ఖర్చు పెట్టకండి. సెకండ్ హ్యాండ్ స్టిక్ ఒకటి వేసి లాగించండి.

గ్రాఫిక్స్ కార్డు వస్తుందా? ఈ ఏడాదో వచ్చే ఏడాదో కార్డు కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ లెక్క మొత్తం దీని మీదే ఆధారపడుతుంది.

ఇంట్లో కరెంటు ఎలా ఉంది? యూపీఎస్ ఉందా, ఇన్వర్టరా, గోడ ప్లగ్గులో ఎర్తింగ్ ఉందా అన్నది కూడా తెలియాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, అందుకే చివర్లో దీనికి కాస్త చోటిచ్చాను.

## ర్యామ్: నాలుగు దారులు

పోలికకి మా వాడి సిస్టమ్‌నే తీసుకుంటున్నాను. రెండు స్లాట్లు, ఒకదాంట్లో 8 జీబీ.

| దారి | మొత్తం | డ్యుయల్ ఛానల్ | ఖర్చు | చిక్కు |
|---|---|---|---|---|
| ఇంకో 8 జీబీ జత చెయ్యడం | 16 జీబీ | పూర్తిగా | తక్కువ | తర్వాత పెంచాలంటే ఒకటి తీసెయ్యాలి |
| 16 జీబీ జత చెయ్యడం | 24 జీబీ | 16 జీబీ వరకే | మధ్యస్థం | జత సరిపోకపోతే తిప్పలు |
| పాతది తీసేసి 16 జీబీ రెండు | 32 జీబీ | పూర్తిగా | ఎక్కువ | పాత స్టిక్‌కి పెద్ద ధర రాదు |
| బోర్డు, ప్రాసెసర్ మార్చి డీడీఆర్5 | మీ ఇష్టం | పూర్తిగా | చాలా ఎక్కువ | ఇది కొత్త సిస్టమే |

డ్యుయల్ ఛానల్ గురించి రెండు ముక్కలు. ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య రెండు దారులుంటాయి. ఒకే స్టిక్ పెడితే ఒక దారి ఖాళీగా పడి ఉంటుంది. 2666 స్పీడున్న ఒక స్టిక్ సెకనుకి సుమారు 21 జీబీ డేటా మొయ్యగలదు, రెండు పెడితే 42 వరకు. అంకె రెట్టింపైంది కదా అని సిస్టమ్ వేగం రెట్టింపు కాదు. వర్డ్, ఎక్సెల్, బ్రౌజర్ వాడేవాళ్లకి తేడా పెద్దగా తెలియదు. కానీ గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే గేములు ఆడేవాళ్లకి చాలా తేడా వస్తుంది. ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. రైజెన్ 5600జీ లాంటి చిప్పుని ఒకే స్టిక్‌తో నడపడమంటే రెండు లేన్ల రోడ్డులో ఒక లేన్ తవ్వి వదిలేసినట్టే. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో రోజూ ఇరుక్కునేవాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు.

ఇక రెండో దారి, 8 పక్కన 16. "కలిపితే పాడవుతుంది" అని చాలామంది భయపెడతారు. పాడవదు. ఇంటెల్ బోర్డుల్లో 8, 16 కలిపితే రెండిట్లోంచీ చెరో 8 జీబీ జతగా డ్యుయల్ ఛానల్‌లో నడుస్తాయి, మిగిలిన 8 జీబీ ఒంటిగా నడుస్తుంది. ఇంటెల్ దీన్నే ఫ్లెక్స్ మోడ్ అంటుంది. స్పీడు రెండిట్లో తక్కువ ఉన్నదానికి దిగుతుంది. కోడ్ రాసేవాళ్లకి, వర్చువల్ మెషిన్ ఒకటి నడిపేవాళ్లకి 24 జీబీ మంచి బేరం. వేర్వేరు కంపెనీల స్టిక్కులు కొన్నిసార్లు సరిగ్గా కలవవు, అదొక్కటే రిస్కు. అప్పుడు సిస్టమ్ ఆన్ కాదు, లేదా ఎప్పుడో ఒకసారి నీలం తెర వేస్తుంది. అందుకే "పట్టకపోతే వారంలో మార్చిస్తారా" అని ముందే అడిగి, ఆ మాట బిల్లు మీద రాయించుకోండి.

మూడో దారి నాకిష్టమైనది, కానీ ఈ మధ్య జేబుకి బరువైంది. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ కంపెనీలు అటు మళ్లడంతో 2025 రెండో సగం నుంచి ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి. డీడీఆర్4 పాతదే కదా చవగ్గా దొరుకుతుందనే లెక్క కూడా తప్పింది. ఆ డిసెంబర్‌లో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండును మామూలు కొనుగోలుదారుల మార్కెట్ నుంచి తప్పిస్తున్నట్టు ప్రకటించింది. అందుకే ఇక్కడ ధరలు రాయట్లేదు, రాసినా ఈ వారానికి పనికిరావు. ఒక్క సలహా: వీడియో ఎడిటింగు, డాకర్, ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి రోజూ వాడేవాళ్లు 32కి వెళ్లండి. "ఎప్పటికైనా పనికొస్తుంది" అని మాత్రం ఇప్పుడు కొనకండి.

నాలుగో దారిని అప్‌గ్రేడ్ అనడం నాకు నచ్చదు. డీడీఆర్5 కోసం బోర్డు మార్చాలి, బోర్డుతో ప్రాసెసర్ మార్చాలి, ఒక్కోసారి కూలర్ కూడా. పాత సిస్టమ్ అమ్మేసి కొత్తది కట్టించుకుంటున్నామని ఒప్పుకుంటే బడ్జెట్ సరిగ్గా వేసుకోవచ్చు. వెళ్తే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు నింపడం అంత మంచిది కాదు. రైజెన్ 7000 సిరీస్‌కి ఏఎండీ ఇచ్చిన అధికారిక స్పీడు రెండు స్టిక్కులైతే 5200, నాలుగైతే 3600. కాబట్టి మొదటే పెద్దవి రెండు కొనుక్కోవాలి. సగం ఇప్పుడు, సగం తర్వాత అన్న మన పాత అలవాటు అక్కడ సాగదు.

### 3200 కొంటే 2666 చూపిస్తోందేమిటి?

మా వాడు అచ్చంగా ఇదే అడిగాడు. ఐ5-10400కి ఇంటెల్ చెప్పిన గరిష్ఠ స్పీడు 2666. హెచ్410 బోర్డులో దాన్ని పెంచే వీలు లేదు. 3200 స్టిక్ పెడితే బుద్ధిగా 2666కి దిగి నడుస్తుంది. షాపులో ఇప్పుడు 3200వే ఎక్కువ దొరుకుతాయి కాబట్టి అదే కొనండి, నష్టం లేదు. కానీ 3600 అనీ, రంగు రంగుల లైట్లనీ అదనంగా కట్టక్కర్లేదు.

బీ450, బీ550 బోర్డుల్లో రైజెన్ వాడేవాళ్ల సంగతి వేరు. అక్కడ 3200 పూర్తిగా వాడుకోవచ్చు. చాలా స్టిక్కులు పెట్టగానే 2400కో 2666కో మొదలవుతాయి, బయోస్‌లోకి (విండోస్ రాకముందే తెరిచే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి, ర్యామ్‌ని పూర్తి స్పీడుకి తెచ్చే ఎక్స్‌ఎంపీ అనో డీఓసీపీ అనో ఉన్నది ఆన్ చెయ్యాలి. ఏళ్ల తరబడి దీన్ని ఆన్ చెయ్యకుండా వాడుతున్నవాళ్లు నాకే ముగ్గురు తెలుసు. ముందు ఆ పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్ చేసుకోండి. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాములో చూస్తే 3200కి బదులు 1600 అని కనిపిస్తుంది. కంగారు పడకండి, అది సగం అంకె చూపిస్తుంది.

## ఎస్‌ఎంపీఎస్: డబ్బా మీది అంకె వేరు, లోపలి సంగతి వేరు

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కింద ఒక గ్రాఫిక్స్ కార్డు కొని, క్యాబినెట్‌తో వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీదే పెట్టాను. గేమ్ మొదలెట్టిన పది నిమిషాలకి సిస్టమ్ టప్పున ఆరిపోయి మళ్లీ లేచేది. ర్యామ్ అనుకున్నా. స్టిక్కులు తీసి రబ్బరుతో తుడిచా, స్లాట్లు మార్చా, చివరికి కొత్త ర్యామ్ కూడా కొన్నా. ఆగలేదు. నెల తర్వాత ఒక స్నేహితుడు తన ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలిస్తే రాత్రంతా ఆడినా ఆరలేదు. పాత దాని పక్కన స్టిక్కర్ అప్పుడు చదివాను. పేరుకి 500. 12 వోల్టుల గడిలో రాసింది 16 ఆంపియర్లు.

ఆ గడే మీరు చూడాల్సింది. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తీసుకునేది 12 వోల్టుల లైను నుంచే. 12 ని 16 తో గుణిస్తే 192 వాట్లు. మిగతా వాట్లన్నీ 3.3, 5 వోల్టుల లైన్ల మీద లెక్క చూపిస్తారు, ఈ కాలపు సిస్టమ్‌కి అవి పెద్దగా అక్కరకు రావు. నిజాయితీగా కట్టిన 450 వాట్ల యూనిట్‌లో ఆ గడిలో 36 ఆంపియర్ల చుట్టుపక్కల కనిపిస్తుంది, అంటే 432 వాట్లు. 12వీ1, 12వీ2 అని రెండు లైన్లు రాసి ఉంటే రెండూ కూడకండి, కింద కలిపి ఇచ్చే వాట్లు ఎంతో చూడండి.

ఇప్పుడు లెక్క. ఐ5-10400 పేరుకి 65 వాట్లే అయినా టర్బోలో (వేగం పెంచుకున్నప్పుడు) కొద్దిసేపు 134 వరకు వెళ్లగలదు. బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ అన్నిటికీ 50 వేసుకోండి. రెండు స్టిక్కుల ర్యామ్‌కి 6. మొత్తం 190. కార్డు లేకుండా ఇదీ పరిస్థితి, అదీ అన్నీ ఒకేసారి గరిష్ఠంలో ఉంటే. మామూలు ఆఫీసు పనిలో ఇందులో సగం కూడా ఉండదు. అందుకే మా బావమరిది పాత ఎస్‌ఎంపీఎస్ ఇన్నాళ్లు నెట్టుకొచ్చింది.

కార్డు వచ్చాక:

| గ్రాఫిక్స్ కార్డు | కార్డు తీసుకునేది | ఈ సిస్టమ్‌తో కలిపి గరిష్ఠం | తయారీదారు చెప్పే ఎస్‌ఎంపీఎస్ |
|---|---|---|---|
| జీటీఎక్స్ 1650 | 75 వాట్లు | 265 | 300 వాట్లు |
| ఆర్‌టీఎక్స్ 3050 (6 జీబీ) | 70 | 260 | 300 |
| ఆర్‌ఎక్స్ 6600 | 132 | 322 | 450 |
| ఆర్‌టీఎక్స్ 4060 | 115 | 305 | 550 |
| ఆర్‌టీఎక్స్ 5060 | 145 | 335 | 550 |
| ఆర్‌టీఎక్స్ 3060 | 170 | 360 | 550 |
| ఆర్‌టీఎక్స్ 4070 | 200 | 390 | 650 |

మూడో గడికీ నాలుగో గడికీ మధ్య అంత ఎడం ఎందుకంటే, కార్డులు సెకనులో చిన్న భాగంపాటు చెప్పిన దానికంటే ఎక్కువ లాగుతాయి. అదీగాక తయారీదారుకి మీ ప్రాసెసర్ ఏదో తెలియదు, పైగా నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌లు కూడా దృష్టిలో పెట్టుకుని చెప్తాడు. మంచి కంపెనీ 550 వాట్లు పై పట్టికలో 4070 తప్ప మిగతా అన్నిటికీ హాయిగా సరిపోతుంది.

పైన మొదటి రెండు కార్డులు చూడండి. మదర్‌బోర్డు స్లాటే 75 వాట్ల వరకు ఇవ్వగలదు కాబట్టి వీటిలో చాలా మోడళ్లకి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు టవర్లు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకి ఇదే ముఖ్యం. వాటిలో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ ఆకారమూ, బోర్డుకి వెళ్లే కనెక్టరూ వాళ్ల సొంత పద్ధతిలో ఉంటాయి. బజారులో దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ పట్టదు. అలాంటివాళ్లు ఎస్‌ఎంపీఎస్ జోలికి పోకుండా కేబుల్ అక్కర్లేని కార్డుతో సరిపెట్టుకోవడం మేలు. టవర్ సన్నగా ఉంటే పొట్టి బ్రాకెట్ ఉన్న కార్డు అడగాలి.

### ఉన్నది ఉంచడం, 550 బ్రాంజ్, 650 గోల్డ్

కార్డు లేదు, కొనే ఆలోచనా లేదు, సిస్టమ్ ఎప్పుడూ దానంతటది ఆరిపోలేదు అనుకుందాం. ఉన్నది ఉంచండి. ఐదేళ్లు దాటి, ఫ్యాన్ గరగరలాడుతూ, వెనక నుంచి కాలిన వాసన వస్తుంటే మాత్రం కార్డుతో సంబంధం లేకుండా మార్చెయ్యండి. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ ఒంటరిగా పోదు, పోతూ పోతూ బోర్డునీ డిస్కునీ కూడా తీసుకుపోవచ్చు. ఆ డిస్కులో పిల్లల ఫొటోలు ఉంటే మూడు వేలు మిగిల్చిన సంబరం ఎంతసేపు?

550 బ్రాంజ్ ఎక్కువమందికి సరైనది. 80 ప్లస్ అన్నది సామర్థ్యానికి, అంటే గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం సిస్టమ్‌కి చేరుతుందన్నదానికి, ఇచ్చే గుర్తింపు. అందులో బ్రాంజ్ అంటే సగం లోడ్ మీద కనీసం 85 శాతం, గోల్డ్ అంటే 90 శాతం. ఇది 115 వోల్టుల పరీక్షలో లెక్క. మన 230 వోల్టుల దగ్గర ఇంకాస్త మెరుగ్గానే ఉంటుంది. గోల్డ్ కొంటే కరెంటు బిల్లులో మిగులుతుందా? సిస్టమ్ 200 వాట్లు తీసుకుంటోందనుకోండి. బ్రాంజ్‌తో గోడ నుంచి 235, గోల్డ్‌తో 222. తేడా 13 వాట్లు. రోజుకి 8 గంటలు, నెలకి 25 రోజులు వాడితే 2.6 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా నెలకి పద్దెనిమిది రూపాయలు. గృహజ్యోతి (ఉచిత కరెంటు పథకం) కింద సున్నా బిల్లు వచ్చే ఇంట్లో అదీ లేదు. బిల్లు కోసం గోల్డ్ కొనకండి. వారంటీ ఎక్కువ ఏళ్లు ఉండటం, లోపలి కెపాసిటర్లు మెరుగ్గా ఉండటం, చప్పుడు తక్కువ కావడం, వీటి కోసం కొనొచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త: 80 ప్లస్ బిళ్ల సామర్థ్యం గురించే చెప్తుంది, నాణ్యత మొత్తానికి హామీ కాదు. షార్ట్ సర్క్యూట్, ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్ రక్షణలు ఉన్నాయా అని పెట్టె వెనక చదవండి.

పెద్ద ఎస్‌ఎంపీఎస్ పెడితే కరెంటు ఎక్కువ కాలుతుందన్నది అపోహ. 650 అన్నది ఇవ్వగల గరిష్ఠం. సిస్టమ్‌కి ఎంత కావాలో అంతే తీసుకుంటుంది. రెండేళ్లలో 4070 స్థాయి కార్డుకి వెళ్లాలనుకునేవాళ్లు ఒకేసారి 650 తీసుకోవడంలో తప్పు లేదు. 850, 1000 అని ఎవరైనా అంటే మీ సిస్టమ్ లెక్క కాగితం మీద వేసి చూపించమనండి.

సెకండ్ హ్యాండ్ విషయంలో నా మాట సూటిగా ఉంటుంది. ర్యామ్ పాతది కొనొచ్చు, పరీక్షించి తీసుకుంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. ఎస్‌ఎంపీఎస్ పాతది కొనొద్దు. చవగ్గా కనిపించే సర్వర్ ర్యామ్‌తో కూడా జాగ్రత్త. డీడీఆర్4 సర్వర్ స్టిక్ మామూలు స్లాట్లో చక్కగా కూర్చుంటుంది, సిస్టమ్ మాత్రం లేవదు. స్టిక్కర్ మీద ఆర్ అక్షరంతో 2666వీ-ఆర్ లాంటి గుర్తు ఉంటే వదిలెయ్యండి.

## యూపీఎస్, ఇన్వర్టర్, ఎర్తింగ్

వేసవి గాలివాన వస్తే బెస్కాం (బెంగళూరు విద్యుత్ సంస్థ) కరెంటు పోవడం మనకి మామూలే. ఇంట్లో 600 వీఏ యూపీఎస్ ఉంటే అది ఇవ్వగలిగేది సాధారణంగా 360 వాట్లే. కార్డు లేని సిస్టమ్, మానిటర్ దాని మీద బాగానే నడుస్తాయి. 3060 పెట్టి గేమ్ ఆడుతుండగా కరెంటు పోతే యూపీఎస్ కుయ్యిమని చేతులెత్తేస్తుంది. కార్డు కొనేవాళ్లు 1100 వీఏ బడ్జెట్ కూడా పక్కన పెట్టుకోండి, లేదా గేమ్ మధ్యలో పోయినా ఫర్వాలేదని మనసు గట్టి చేసుకోండి.

మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో ఉండే యాక్టివ్ పీఎఫ్‌సీకీ (గోడ నుంచి కరెంటుని సాఫీగా లాగే సర్క్యూట్), చవక యూపీఎస్‌లు ఇచ్చే మెట్ల తరంగానికీ (నున్నగా కాక మెట్లు మెట్లుగా వచ్చే కరెంటు) ఒక్కోసారి పడదు. కరెంటు పోగానే యూపీఎస్ పని చేస్తున్నా సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టాక ఒకసారి కావాలనే ప్లగ్ తీసి చూడండి. ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. కరెంటు తెగాక ఎస్‌ఎంపీఎస్ తట్టుకోగలిగేది 16 మిల్లీసెకన్ల చుట్టూ మాత్రమే, మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అంతకంటే నెమ్మదిగా మారుతుంది.

క్యాబినెట్ మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందా? అది ఎస్‌ఎంపీఎస్ చెడిపోవడం కాకపోవచ్చు. ప్లగ్గులో మూడో పిన్నుకి ఎర్త్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీద సుమారు సగం వోల్టేజ్ తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి చురుక్కుమంటుందంతే, కానీ దాన్ని వదిలెయ్యకూడదు. పాత అద్దె ఇళ్లలో ఇది తరచూ చూస్తాం. కొత్త ఎస్‌ఎంపీఎస్ కొన్నా ఆ జివ్వు పోదు. ఇంటి ఓనరుకి చెప్పి ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి. ఓనరు నెలలు సాగదీస్తే పనిచేసే ఎర్త్ ఉన్న వేరే గది ప్లగ్గుకి సిస్టమ్‌ని మార్చుకోండి.

## ఎవరు ఏది

ఇంటి నుంచి పనిచేసే, గేములు ఆడని మనిషికి: ఇంకో 8 జీబీ స్టిక్, పాత ఎస్‌ఎంపీఎస్ అలాగే. మా వాడికి చెప్పిందీ ఇదే.

కోడ్ రాస్తూ రెండు మూడు పెద్ద ప్రోగ్రాములు ఒకేసారి నడిపేవాళ్లకి 24 జీబీ. జత కుదరకపోతే 32. ఇక్కడా ఎస్‌ఎంపీఎస్ ముట్టుకోవద్దు.

గేముల కోసం కార్డు కొనేవాళ్ల విషయంలో వరస ముఖ్యం. ముందు 550 బ్రాంజ్, తర్వాత కార్డు, ర్యామ్ 16 జీబీ డ్యుయల్ ఛానల్. డబ్బు ఒకేసారి లేకపోతే ఎస్‌ఎంపీఎస్ ముందు నెలలో కొనండి, కార్డు తర్వాత నెలలో. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, నేనూ అదే చేశాను.

గ్రాఫిక్స్ కార్డు కొనలేని, కానీ కాస్త ఆడుకోవాలనుకునే కాలేజీ పిల్లలకి, చేతిలో 5600జీ లాంటి ప్రాసెసర్ ఉంటే, రెండు ఒకేలాంటి 8 జీబీ స్టిక్కులు. ఒక్క 16 స్టిక్ మాత్రం వద్దు.

వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు 32 జీబీ, 650 వాట్లు. ప్రాసెసర్ పాతదైతే నాలుగో దారి గురించి ఆలోచించాల్సింది మీరే.

## కొనడం, బిగించడం

వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చేవాళ్లు పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి చిక్కపేటలో దిగితే ఎస్‌పీ రోడ్డు నడిచే దూరమే. కారు తీసుకెళ్తే పార్కింగ్ వెతకడంలోనే సగం పూట పోతుంది. ఆదివారం చాలా షాపులు మూసే ఉంటాయి, శనివారం పొద్దున్నే వెళ్లండి. మొదటి షాపులో కొనకుండా మూడు చోట్ల అడిగి, ఆన్‌లైన్ ధర ఫోన్‌లో పెట్టుకుని బేరమాడండి. జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోండి. అది లేకపోతే వారంటీ కోసం మళ్లీ వెళ్లినప్పుడు మిమ్మల్ని ఎరగనట్టే చూస్తారు.

ఇంట్లో బిగించుకునేటప్పుడు ప్లగ్ తీసి, పవర్ బటన్ ఓసారి నొక్కి వదలండి, మిగిలిన కరెంటు పోతుంది. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులైతే చాలావరకు ప్రాసెసర్ నుంచి రెండో స్లాటూ నాలుగో స్లాటూ. ఒకసారి మాన్యువల్ చూసుకోండి. గాటు సరిచూసి రెండు చివర్లూ నొక్కితే టక్కుమంటుంది. తెర మీద ఏమీ రాకపోతే తీసి మళ్లీ పెట్టండి, పదిసార్లలో ఎనిమిది సార్లు సరిగ్గా కూర్చోకపోవడమే. డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు నల్ల తెరే ఉండొచ్చు, టెన్షన్ పడి స్విచ్ కట్టెయ్యకండి.

ఎస్‌ఎంపీఎస్ మార్చేవాళ్లకి ఒక గట్టి హెచ్చరిక. మాడ్యులర్ యూనిట్ (కేబుళ్లు ఊడదీయగలిగేది) అయితే పాత దాని కేబుళ్లు కొత్తదానికి తగిలించొద్దు. బోర్డు వైపు చివర ఒకేలా ఉన్నా ఎస్‌ఎంపీఎస్ వైపు చివరలో పిన్నుల వరస కంపెనీని బట్టి మారుతుంది. ప్లగ్ పడుతుంది, ఆన్ చెయ్యగానే డిస్కు కాలుతుంది. ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నులదీ, గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లే 8 పిన్నులదీ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, అవి వేరు. కేబుల్ మీద సీపీయూ, పీసీఐఈ అని రాసి ఉంటుంది. బలవంతంగా దూర్చకండి.

కొత్త ర్యామ్ పెట్టిన రాత్రి మెమ్‌టెస్ట్86 (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రాము) పెట్టి పడుకోండి. పొద్దునకి ఒక్క తప్పు చూపించినా స్టిక్ వెనక్కి ఇచ్చెయ్యాలి. మా వాడి దాంట్లో సున్నా వచ్చింది. మరుసటి రోజు ఫోన్ చేసి, "బావా, ఇప్పుడు 3050 పెడితే ఈ ఎస్‌ఎంపీఎస్ ఆగుతుందా?" అన్నాడు. ముందు క్యాబినెట్ పక్క తలుపు తీసి, 12 వోల్టుల గడి ఫొటో పంపమన్నాను.